తోక లేని తేలుకు పేరెవరు పెట్టాలె?

పోయిన ఎండాకాలం ఎల్లారెడ్డి అవుతల ఒక గుట్ట ఎక్కినం. గుట్ట పేరు రాస్తలేను, ఎందుకో చివర్ల చెప్త. నాతోని మా ఊరి గొర్లు కాసే కాక ఉన్నడు. ఏనుగులసొంటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నయి. వాటి నడుమ మనిషి వంగి పోయేంత సందు. లోపటికి పోతే ముక్కు పగిలేంత ఘాటు వాసన. మీద బండకు గబ్బిలాలు, కింద జానెడు మందం వాటి పెంట.

"తమ్మీ, మా నాయిన కాలంల గీ పెంటను బండ్లకెత్తి మిరప తోటలకు కొట్టుకపోయేటోళ్ళు" అన్నడు కాక.

పెంట అంచుకున్న ఒక రాయి తిప్పిన. బియ్యపు గింజల సగమంత పురుగు ఒకటి, ఎర్రమన్ను రంగుది, ముంగట రెండు డెక్కలు సాపుకొని నిలవడ్డది. పుల్లతోని ముట్టిస్తే డెక్కలు ముడుసుకొని గిర్రున ఎన్కకు నడిచింది.

"తేలు పిల్లనా కాకా?"

"తేలు పిల్ల కాదు తమ్మీ. కొండి లేదు సూడు. గిసొంటియి పెంటల ఉంటయి, ఏమనయి."

"దీని పేరేంది?"

"పేరా? దానికి పేరేం లేదు."

గా మాట నా మనసుల నాటుకున్నది. నేను కాలేజీల జంతుశాస్త్రం చదివినోన్ని కాదు. పదో తరగతి తర్వాత నా చదువంత లైబ్రరీలల్ల, పాత పుస్తకాల దుకాండ్లల్ల, ఇప్పుడు ఫోన్ల సాగుతున్నది. అయినా పేరు లేని జీవి అంటే ఏందో నాకు తెలుసు. పాస్‌బుక్కుల పేరెక్కని రైతును సూసినోన్ని. భూమి దున్నుతడు, పంట తీస్తడు, కాయితం మీద మాత్రం ఉండడు. గీ పురుగు సంగతి కూడ గంతే. అందుకే దీని కథ తెలుసుకున్న. మీకు చెప్త, జెర ఓపికతోని సదువుండ్రి.

తేలు కాదు, తేలు సుట్టం

ఇంగ్లిష్‌ల దీన్ని సూడోస్కార్పియన్ అంటరు. అంటే ఉత్తుత్తి తేలు. మన భాషల తోక లేని తేలు అంటే అందరికీ సమజైతది. సాలెపురుగులు, తేళ్ళు, పిడుదులు ఉన్న పెద్ద ఇంటిదే ఇది. నాలుగు జతల కాళ్ళు ఉంటయి, ముంగట డెక్కలు ఉంటయి. ఎక్కువ జాతులు రెండు మిల్లీమీటర్ల నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపటనే. తోక లేదు, కొండి లేదు. మనిషిని ఏం జెయ్యది.

కొండి లేదుగని విషం లేదనుకోకుండ్రి. చాన జాతులకు విషం డెక్కల కొసలల్ల ఉంటది. సన్నపు పురుగును పట్టుకుంటే అది కొంచెం సేపట్ల చల్లవడుతది. తర్వాత దాని మీద తన జీర్ణరసం పోసి, కరిగినంక పీల్సుకుంటది. ఇంకో విచిత్రం, సాలెపురుగు లెక్కనే ఇది కూడ దారం తీస్తది. సాలెపురుగుకు దారం కడుపు కొసకెళ్ళి వస్తది, దీనికి నోటికాడి చిన్న కొరుకుడు అవయవాల నుంచి వస్తది. ఆ దారంతోని ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకొని, అండ్ల కూసోని కుబుసం ఇడుస్తది. తల్లి గుడ్లను పొట్ట కింద సంచిల మోస్తది.

రెక్కలు లేని జీవి ఊరు ఎట్ల మారుతది? ఈగనో, పెంకు పురుగునో కాలు పట్టుకొని బస్సెక్కినట్టు పోతది. ఈగకు నొప్పి లేదు, దీనికి టికెట్ లేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన జీవి సుత కాదు. అమెరికాల గిల్బోవా అనే కాడ రాళ్ళల్ల దొరికిన దీని శిలాజానికి దగ్గర దగ్గర 38 కోట్ల ఏండ్లు. డైనోసార్లు రాకముందు నుంచి డెక్కలు సాపుకొనే ఉన్నది. గ్రీకు దేశపు అరిస్టాటిల్ పుస్తకాలల్ల తిరిగే తోక లేని తేలసొంటి పురుగు గురించి రాసిండు. అది ఇప్పటికీ పాత పుస్తకాల నడుమ, గ్రంథాలయాలల్ల ఉంటది. పుస్తకాన్ని తినది, పుస్తకాన్ని తినే పురుగులను తింటది. మన పక్షం అన్నట్టు.

గబ్బిలం లేకుంటే గుహల వంట లేదు

గుహల లోపటికి ఎండ రాదు. ఎండ లేకుంటే గడ్డి మొలవది, చెట్టు మొలవది. మరి అండ్ల ఇన్ని జీవులు ఏం తిని బతుకుతయి?

జవాబు గబ్బిలం పెంట. పొద్దుమీకినంక గబ్బిలాలు బైటికి పోతయి. మన వరి పొలాల మీద, మక్క చేన్ల మీద, చెర్ల మీద తిరిగి రెక్కల పురుగులను, దోమలను తింటయి. తెల్లారేసరికి గుహకొచ్చి తలకిందులు వేలాడి పెంట ఏస్తయి. అంటే పొలంల తిరిగే పురుగు గుహలకు అన్నమై వస్తున్నది. ఆ పెంట మీద బూజు పెరుగుతది. బూజును, పెంటను తినెటందుకు సన్నపు నల్లులు, ఎగిరిదూకే పురుగులు, పెంకు పురుగులు, బొద్దింకలు వస్తయి. వీటిని తినెటందుకు మన తోక లేని తేలు వస్తది. అది ఆ సీకటి రాజ్యంల పులి. పులి బియ్యపు గింజంత ఉన్నదని నవ్వొద్దు, అడవి కూడ జానెడు మందమే ఉన్నది కదా.

గుహలల్ల ఉండే జీవులను మూడు తీర్లు చేస్తరు. కొన్ని గబ్బిలం లెక్క వచ్చిపోయే సుట్టాలు. కొన్ని లోపట బతుకగలవు, బైట కూడ బతుకగలవు. మూడోవి గుహ తప్ప వేరే ఇల్లు తెల్వనియి. లక్షల ఏండ్లు సీకట్లనే ఉన్నందుకు వీటికి కండ్లు పోతయి, రంగు పోతది, కాళ్ళు డెక్కలు సన్నగ పొడుగైతయి. సీకట్ల కండ్లతోని పని లేదు, ముట్టి చూసేటందుకు పొడుగు చేతులు కావాలె. గిసొంటి జీవి ఒక గుహల ఉన్నదంటే పక్క గుట్టల ఉండకపోవచ్చు. ఆ ఒక్క గుహ పోతే, ఆ జాతి ఈ భూమి మీదనే లేకుండ పోతది.

మన కామారెడ్డి గుట్టలు సున్నపురాయి గుట్టలు కావు, ఎక్కువ గ్రానైటే. నీళ్ళు రాయిని కరిగించి చేసిన బెలుం, బొర్రా గుహలసొంటివి మనకాడ లేవు. మనకు ఉన్నయి గుండ్ల నడుమ సందులు, సొరికెలు, పాడువడ్డ గుళ్ళు, కోటల సీకటి గదులు. గబ్బిలానికి అదే గుహ. పెంటల ఉండే జీవికి కూడ రాయి ఏ రాయని పట్టింపు లేదు, పెంట ఆగకుండ పడాలె, తడి ఉండాలె, సీకటి ఉండాలె.

ఏది ఏ జాతో ఎట్ల తెలుస్తది?

లోకంల ఇప్పటిదాక నాలుగు వేలకు పైగా జాతుల తోక లేని తేళ్ళకు పేర్లు పెట్టిండ్రు. కంటికి అన్నీ ఒక్క తీర్గనే కనిపిస్తయి. మరి ఏరుడెట్ల?

మొదట కాళ్ళు సూస్తరు. కాలి కొసన ఉండే పాదం ఒక ముక్కనా, రెండు ముక్కలా? కొన్నిటికి ముంగటి రెండు జతల కాళ్ళకు ఒక ముక్క, ఎన్కటి రెండు జతలకు రెండు ముక్కలు. కొన్నిటికి అన్ని కాళ్ళకు రెండేసి ముక్కలు. కొన్నిటికి అన్ని కాళ్ళకు ఒక్కటే. జోసెఫ్ చాంబర్లిన్ అనే అమెరికా ఆయన దీన్ని పట్టుకొని మొత్తం తోక లేని తేళ్ళను మూడు కుప్పలు పోసిండు. 1931ల వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ ఈ పనికి పునాది రాయి. తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన మార్క్ హార్వే 1992ల వేరే తీర్గ చూసిండు. డెక్కలల్ల విషం ఉన్నదా, లేదా అన్న దాని మీద రెండు పెద్ద శాఖలు చేసిండు. ఇప్పుడు జన్యువులను చదివి ఆ చెట్టును మళ్ళ సరిజేస్తున్నరు.

రెండోది వెంట్రుకలు. డెక్కకు రెండు వేళ్ళు ఉంటయి, ఒకటి కదలనిది, ఒకటి కదిలేది. వాటి మీద సన్నటి పొడుగు వెంట్రుకలు ఉంటయి, ట్రైకోబోత్రియా అంటరు. గాలి కదిలినా వాటికి తెలుస్తది. మామూలుగ పెద్దదానికి కదలని వేలు దిక్కు ఎనిమిది, కదిలే వేలు మీద నాలుగు, మొత్తం పన్నెండు. గుడ్డు నుంచి వచ్చినంక మొదటి దశల మూడు, ఒకటి. రెండో దశల ఆరు, రెండు. మూడో దశల ఏడు, మూడు. అంటే వెంట్రుకలు లెక్కవెట్టి దాని వయసు చెప్పొచ్చు, ఎద్దు పండ్లు చూసి వయసు చెప్పినట్టు. ఆ పన్నెండు వెంట్రుకలు ఏది ఏ జాగల మొలిచిందో చూసి కుటుంబం చెప్పొచ్చు.

గబ్బిలాల గుహలల్ల ఎక్కువ ఎదురయ్యే రెండు కుటుంబాలను చూడుండ్రి. ఒకటి క్థోనిడే. దీనికి నోటికాడి కొరుకుడు అవయవాలు ఒంటికి మించినంత పెద్దగ ఉంటయి. డెక్కల వేళ్ళు సన్నగ ఉంటయి, వాటికి పండ్లు ఉంటయి, విషం ఉండది. రెండు స్పర్శ వెంట్రుకలు వేలు మీద కాకుండ డెక్క అరచెయ్యి వీపు మీద మొలుస్తయి. ఇంకోటి చెర్నెటిడే. డెక్కలు బలంగ, మందంగ ఉంటయి, విషం కదిలే వేలుల ఉంటది. పెంట కుప్పలల్ల కనవడే బలిసిన ఎర్రటివి చాన మటుకు వీటి సుట్టాలే. నేను చూసింది కూడ గట్లనే కనవడ్డది. కనవడ్డది అంటున్న, అయితదని అంటలేను. సూక్ష్మదర్శిని కింద పెట్టకుండ ఎవరు చెప్పినా అది జోస్యమే.

ఇగ ఇక్కడ ఒక మాట. వర్గీకరణ అంటెనే మనోళ్ళకు కులం యాదికొస్తది. నాకు కూడ వచ్చింది. కని ఇది అది కాదు. కులంల మీదోడు కిందోడు ఉంటడు, సాక్ష్యం ఎంత ఉన్నా అది మారదంటరు. శాస్త్రంల మీదా కిందా లేదు, ఎవరు ఎవరికి దగ్గరి సుట్టం అన్న లెక్కనే. తప్పయితే ఒప్పుకొని మారుస్తరు. 1758ల లిన్నేయస్ అంతటోడు పుస్తకాల తేలును తీస్కపోయి పిడుదుల గుంపుల కలిపిండు. తర్వాతి వాళ్ళు సాక్ష్యం చూపి బైటికి తీసిండ్రు. లిన్నేయస్‌కు అవమానం కాలేదు, శాస్త్రానికి మేలైంది.

పేరు పెట్టుడు అంటే బారసాల కాదు

కొత్త జాతి దొరికిందని పేపర్లల్ల సూస్తం. దాని ఎన్క ఏం పని ఉంటదో ఎవరూ రాయరు.

సన్నటి కుంచెతోని పురుగును ఎత్తి ఆల్కహాల్ సీసాల వేస్తరు. పెంటను గరాటల పోసి మీదికెళ్ళి బల్బు వెలుగిస్తే, వేడికి తాళలేక పురుగులు కిందికి దిగి సీసాల పడతయి, గదొక పద్ధతి. ప్రతి సీసాల చీటీ ఉండాలె. ఏ ఊరు, ఏ జాగ, ఏ తారీకు, ఎవరు తీసిండ్రు. చీటీ లేని పురుగు సాక్షి సంతకం లేని దస్తావేజు అసొంటిది, ఎందుకూ పనికిరాదు.

తర్వాత దాన్ని లాక్టిక్ ఆమ్లంల పెట్టి ఒంటిని తేటగ చేస్తరు. డెక్క ముక్కలు ముక్కలుగ కొలుస్తరు. పొడుగెంత, వెడల్పెంత, పొడుగుల వెడల్పు ఎన్నిసార్లు పడుతది. బొమ్మ గీస్తరు. ఇప్పటిదాక వచ్చిన వర్ణనలు అన్నిటితోని పోలుస్తరు. అసలు కష్టం ఇక్కడనే. పేరు పెట్టిన మొదటి నమూనాను హోలోటైప్ అంటరు. అది ఆ జాతికి పట్టా కాయితం. అనుమానం వస్తే దాన్నే పోయి చూడాలె. మన దేశపు తోక లేని తేళ్ళ పట్టా కాయితాలు చాన మటుకు బయట దేశాలల్ల ఉన్నయి. మన జాతులను వర్ణించినోళ్ళల్ల పెద్దోడు మాక్స్ బయర్ పనిచేసింది వియన్నా మ్యూజియంల. మన గుట్ట మీది పురుగు ఏందో తేల్చాలంటే ఆస్ట్రియా దిక్కు చూడాల్సిన గతి.

మనోళ్ళు చెయ్యలేదని కాదు. మద్రాసు లయోలా కాలేజీల వి.ఎ. మూర్తి, టి.ఎన్. అనంతకృష్ణన్ కలిసి 1977ల ఇండియా తోక లేని తేళ్ళ మీద ఒక పెద్ద గ్రంథం తెచ్చిండ్రు. ఇప్పటికీ ఈ పని చేసేటోళ్ళు మొదలు తెరిచేది దాన్నే.

గబ్బిలాల గుహను మొత్తంగ చదువుడు ఎట్లనో చూపిన పని మన దేశంల వందేండ్ల కిందనే జరిగింది. మేఘాలయ గారో గుట్టలల్ల సిజూ గుహ ఉన్నది. 1922ల స్టాన్లీ కెంప్, బి. చోప్రా అండ్లకు పోయి గబ్బిలం నుంచి పెంటల పురుగుదాక దొరికినదల్ల ఏరి, ఎవరి విద్య వాళ్ళకు పంపి పేర్లు తేల్పించి 1924ల అచ్చేసిండ్రు. ఇటు తెలుగు నేల మీద బెలుం గుహ గురించి రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884ల రాసిండు. వందేండ్ల తర్వాత 1982, 83లల్ల జర్మనీ నుంచి వచ్చిన డేనియల్ గెబావర్ బృందం దాన్ని కొలిచి పటం గీసింది. మరి గుహ నీళ్ళల్ల ఏముందో చూసిందెవరు? నాగార్జున యూనివర్సిటీ రంగారెడ్డి సారు, ఆయన శిష్యులు. ఆంధ్రాకోయిడెస్ అనే కొత్త ప్రజాతిని 2011ల లోకానికి చూపించిండ్రు. రొయ్యకు దూరపు సుట్టం, సన్నపు జీవి. ఆంధ్ర పేరు ఒక జీవి వంశం పేరై శాశ్వతంగ నిలవడ్డది. మనకాడి ఉస్మానియాల గబ్బిలాల మీద ఏండ్ల తరబడి పని చేస్తున్న సార్లున్నరు. చేతనైన మనుషులున్నరు. లేనిది ఏందంటే, గుట్ట పోకముందే ఆ మనుషులను గుట్టకాడికి తోలుకవచ్చే ఏర్పాటు.

ఇగ అసలు ముచ్చట

నేను పేరు చెప్పని ఆ గుట్టకు క్వారీ దరఖాస్తు పడ్డది. దానికి జతచేసిన పర్యావరణ రిపోర్టు నేను చూసిన. జీవరాశి అన్న కాడ కుందేలు, తొండ, కాకి, మైన అని రాసి ఉన్నది. గబ్బిలం లేదు. రాసినోడు గుట్ట ఎక్కలేదని కాక ఒక్క మాటల తేల్చిండు: "ఎక్కినోనికి వాసనన్న రాదా తమ్మీ?"

సరే, మన పంచాయతీల ఏమున్నదో చూద్దామని పోయిన. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థల జీవవైవిధ్య కమిటీ ఉండాలె, ఊరోళ్ళను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలె. గ్రీన్ ట్రిబ్యునల్ 2020 జనవరి 31 అని గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలె అన్నది. గడువు భయానికి దేశమంత రిజిస్టర్లు ఉరికించిండ్రు. నేను చూసిన రిజిస్టర్ల ఊరు పేరు మారింది గని లోపటి జాబితా పక్క ఊరిదే. రాసేటప్పుడు కాకను ఎవరూ అడగలేదు. నలభై ఏండ్లు ఆ గుట్ట మీద గొర్లు కాసిన మనిషిని అడగని రిజిస్టర్ ఎవరి ప్రజలది?

ఒక తోక లేని తేలు కనవడ్డదని క్వారీ ఆగదు. గా సంగతి నాకు ఎరుకే. ఆ పురుగు కొత్త జాతి అని కూడ నేను అంటలేను, అనేటందుకు నాకు విద్య లేదు. నేను అనేది ఒక్కటే. ఏమున్నదో తెల్వకుండ ఏం లేదని రాయొద్దు. ఒకసారి గుండ్లు పేల్చినంక గబ్బిలం ఇంకో గుట్టకు ఎగిరిపోతది కావచ్చు. పెంటల జీవికి రెక్కలు లేవు.

గబ్బిలం మీద కూడ నాలుగు మాటలు. కేరళల 2018ల నిపా వచ్చినప్పటి నుంచి, తర్వాత కరోనాతోని, గబ్బిలం కనవడితే పొగ పెట్టుడు ఎక్కువైంది. నిపాతోని ముడివడ్డది పండ్లు తినే పెద్ద గబ్బిలం, చెట్లకు వేలాడేది. సొరికెలల్ల ఉండి పురుగులు తినే చిన్నవి వేరు. పండ్లు తినే గబ్బిలాలను సర్కారు ఏండ్లకేండ్లు హానికర జంతువుల జాబితల పెట్టింది. 2022ల చట్టం మార్చి ఆ జాబితనే తీసేసిండ్రు. పిల్లల తల్లులున్నప్పుడు పొగ పెడితే పిల్లలు కిందవడి చస్తయి. మన మక్క చేన్ల మీద తిరిగే రెక్కల పురుగులను పైస అడగకుండ తినే కూలీలను మనమే చంపుకుంటున్నం. 1941ల జాషువా కవి ఒక అంటరాని మనిషి గోడును శివునికాడికి మోసుకపోయే పని గబ్బిలానికి అప్పజెప్పిండు. మనిషిని రానియ్యని గుడిలకు గబ్బిలం పోతది కదా. ఇప్పుడు గబ్బిలం గోడు మోసుడు మన వంతు.

ఏం చెయ్యాలె? మూడు పనులు. ఒకటి, మీ పంచాయతీకి పోయి జీవవైవిధ్య రిజిస్టర్ చూపెట్టమనుండ్రి. మీ గుట్ట, మీ సొరికె, మీ పాత గుడి గబ్బిలాలు అండ్ల లేకుంటే, ఎక్కించుమని కాయితం రాసి రసీదు తీసుకోండ్రి. రెండు, కాలేజీ సార్లు, మీ జంతుశాస్త్రం పోరగాండ్లను ఒక్క దినం ఇటు పంపుండ్రి. హైదరాబాద్‌ల జువాలజికల్ సర్వే కేంద్రం ఉన్నది, వాళ్ళకు జాబు రాయుండ్రి. కొత్త జాతి తేలితే దాని నమూనా, సమాచారం చట్టం చెప్పిన భాండాగారానికే చేరాలె. మూడు, మీరే ఉరికి పట్టుకరాకుండ్రి. అడవి భూమి అయితే అటవీ శాఖ అనుమతి కావాలె. గబ్బిలం పెంట దుమ్ముల ఊపిరితిత్తులకు పట్టే బూజు ఉండొచ్చు, మూతికి మాస్క్ లేకుండ లోపటికి పోవద్దు. ఫోన్ లైట్లు కొట్టి గబ్బిలాలను లేపొద్దు.

గుట్ట పేరు అందుకే రాయలే. అధికారులకు ఇచ్చిన అభ్యంతరం కాయితంల సర్వే నంబర్‌తో సహా రాసిన. ఇక్కడ రాస్తే రేపు ఐతారం యాభై మంది రీల్స్ తీసెటందుకు వస్తరు. గబ్బిలాలు లేస్తయి, క్వారీ చేసేటోనికి పని అల్కగైతది.

దిగొచ్చేటప్పుడు కాక అడిగిండు. "తమ్మీ, ఆ సార్లొచ్చి దానికి పేరు పెడితే మన ఊరి పేరు పెడ్తరా?"

"పెట్టొచ్చు కాకా. దొరికిన ఊరి పేరు పెట్టే ఆనవాయితీ ఉన్నది."

జెరసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్నడు, "అయితే జల్ది రమ్మను. పురుగుకు పేరొచ్చినా రాకున్నా, గుట్టన్న మిగులుతది."